ఆర్‌టీఎక్స్ 3060, ఆర్‌టీఎక్స్ 4060: ఏది తీసుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డుల్లో ఈ రెండింటి గురించి నన్ను అడిగినన్ని ప్రశ్నలు వేరే ఏ జంట గురించీ ఎవరూ అడగలేదు. మామూలుగా కొత్త తరం కార్డు పాతదానికంటే అన్నిట్లోనూ ఒక మెట్టు పైన ఉంటుంది, ఇక తేల్చుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఇక్కడ మాత్రం కథ వేరు. కొత్తదైన 4060లో కోర్లు (లెక్కలు చేసే చిన్న యూనిట్లు) తక్కువ, మెమరీ తక్కువ, మెమరీ బస్ (చిప్‌కీ మెమరీకీ మధ్య దారి) సన్నం. అయినా చాలా గేముల్లో వేగం దానిదే ఎక్కువ. స్పెక్స్ కాగితం ఒకటి చెబుతుంటే తెర మీద ఇంకొకటి కనిపిస్తుంది. ఈ తేడా ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే ఏ రెండు కార్డులనైనా మీరే పోల్చుకోగలరు. అందుకే కొన్ని జవాబులు కొంచెం పొడుగ్గా రాశాను.

కింద 3060 అన్నచోటల్లా 12 జీబీ డెస్క్‌టాప్ కార్డు అనే అర్థం. 8 జీబీ రకం సంగతి విడిగా చెబుతాను.

ముందు రెండింటి స్పెక్స్ ఒకచోట చెప్పండి.

ఆర్‌టీఎక్స్ 3060 మార్కెట్లోకి వచ్చింది 2021 ఫిబ్రవరిలో. ఆంపియర్ తరం. సామ్‌సంగ్ 8 నానోమీటర్ ప్రాసెస్‌లో తయారైన చిప్. 3584 CUDA కోర్లు (ఎన్‌విడియా తన కోర్లకు పెట్టుకున్న పేరు), బూస్ట్ క్లాక్, అంటే లోడ్ మీద కోర్లు అందుకునే వేగం, 1777 మెగాహెర్ట్జ్. 12 జీబీ జీడీడీఆర్6 మెమరీ, 192 బిట్ బస్, సెకనుకు 360 జీబీ బ్యాండ్‌విడ్త్ (మెమరీ నుంచి డేటా వచ్చే వేగం). ఎల్2 క్యాష్ (చిప్ లోపలే ఉండే చిన్న మెమరీ) 3 ఎంబీ. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0, 16 లేన్లు (కార్డునూ మదర్‌బోర్డునూ కలిపే దారులు). పవర్ 170 వాట్లు.

ఆర్‌టీఎక్స్ 4060 వచ్చింది 2023 జూన్ చివర్లో. ఏడా లవ్‌లేస్ తరం. టీఎస్‌ఎంసీ 4ఎన్ ప్రాసెస్. 3072 CUDA కోర్లు, బూస్ట్ క్లాక్ 2460 మెగాహెర్ట్జ్. 8 జీబీ జీడీడీఆర్6 మెమరీ, 128 బిట్ బస్, సెకనుకు 272 జీబీ బ్యాండ్‌విడ్త్. ఎల్2 క్యాష్ 24 ఎంబీ. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0, కానీ 8 లేన్లే. పవర్ 115 వాట్లు.

రెండింట్లోనూ హెచ్‌డీఎంఐ 2.1, డిస్‌ప్లేపోర్ట్ 1.4ఏ ఉన్నాయి కాబట్టి మానిటర్ విషయంలో తేడా లేదు.

కోర్లు తక్కువైనప్పుడు 4060 వేగం ఎలా ఎక్కువవుతుంది?

కోర్లు ఎన్ని ఉన్నాయన్నది సగం లెక్కే. ఒక్కో కోర్ సెకనుకు ఎన్నిసార్లు పనిచేస్తుందన్నది మిగతా సగం. ప్రతి కోర్ ఒక క్లాక్‌కు రెండు దశాంశ లెక్కలు చేస్తుంది కాబట్టి కోర్ల సంఖ్యను రెండుతో గుణించి, దాన్ని గిగాహెర్ట్జ్‌లో క్లాక్‌తో గుణించి వెయ్యితో భాగిస్తే టెరాఫ్లాప్స్ (సెకనుకు ఎన్ని లక్షల కోట్ల లెక్కలు) వస్తాయి. 3060కి 3584 × 2 × 1.777 ÷ 1000, అంటే సుమారు 12.7 టెరాఫ్లాప్స్. 4060కి 3072 × 2 × 2.46 ÷ 1000, అంటే సుమారు 15.1. కొత్తది దాదాపు 19 శాతం పైన ఉంది. ఫ్రేమ్ జనరేషన్ లాంటి అదనపు హంగులు ఏవీ వాడకుండా 1080పీలో ఆడితే గేముల్లో కనిపించే సగటు తేడా కూడా దాదాపు అంతే, 15 నుంచి 20 శాతం మధ్యలో.

క్లాక్ అంత పెరగడానికి కారణం తయారీ ప్రాసెస్. 3060 చిప్ వైశాల్యం 276 చదరపు మిల్లీమీటర్లు, 4060ది 159. చాలా చిన్న చిప్ తక్కువ కరెంటుతో ఎక్కువ వేగంగా నడుస్తోంది. ఇంజనీరింగ్ పరంగా ఇది మెచ్చుకోవాల్సిన పనే, ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. నాకున్న అభ్యంతరమల్లా దాని పక్కన అతికించిన మెమరీ మీదే.

అయితే టెరాఫ్లాప్స్ చూసి ఏ రెండు కార్డులనైనా పోల్చేయవచ్చా?

వద్దు. పై లెక్క ఇక్కడ కుదిరింది కానీ ప్రతిసారీ కుదరదు. 3060కి ముందు తరం 2060నీ, 3060నీ తీసుకోండి. 2060లో 1920 కోర్లు, 3060లో 3584. దాదాపు రెట్టింపు. టెరాఫ్లాప్స్ కూడా 6.5 నుంచి 12.7కి ఎగబాకాయి. మరి గేముల్లో వేగం రెట్టింపయిందా? పెరుగుదల 20 శాతం చుట్టుపక్కలే ఆగిపోయింది.

ఏం జరిగిందంటే, చిప్‌లో కోర్లన్నీ ఎస్ఎమ్ అనే గుంపులుగా ఉంటాయి. 2060లో ఇలాంటి గుంపులు 30, 3060లో 28. అంటే గుంపులు నిజానికి రెండు తగ్గాయి! 2060 తరంలో ఒక్కో గుంపులో దశాంశ లెక్కలకు 64 దారులు, పూర్ణసంఖ్యల లెక్కలకు విడిగా 64 దారులు ఉండేవి. ఆంపియర్‌లో ఆ రెండో దారికి దశాంశ లెక్కలు కూడా నేర్పారు. దాంతో గుంపుకు 128 కోర్లని రాసుకునే వీలు వచ్చింది. కానీ గేములో పూర్ణసంఖ్యల పని తగిలిన ప్రతిసారీ ఆ దారి దానికే వెళ్లిపోతుంది, కాగితం మీది రెట్టింపు తెర మీదకు రాదు.

ఏఎమ్‌డీ, ఇంటెల్ కార్డులతో పోల్చేటప్పుడు అయితే కోర్ల సంఖ్యను పూర్తిగా పక్కన పెట్టేయండి. వాళ్లు దేన్ని కోర్ అంటారో, వీళ్లు దేన్ని కోర్ అంటారో అవి ఒకటి కావు.

128 బిట్ బస్ అంటే బాగా తక్కువ కదా?

తక్కువే. బస్ వెడల్పును ఒక్కో తీగ మీది వేగంతో గుణించి 8తో భాగిస్తే బ్యాండ్‌విడ్త్ వస్తుంది. 3060కి 192 × 15 ÷ 8, అంటే సెకనుకు 360 జీబీ. 4060కి 128 × 17 ÷ 8, అంటే 272 జీబీ. దాదాపు నాలుగో వంతు కోత.

ఈ కోతను పూడ్చడానికే ఎల్2 క్యాష్‌ను 3 ఎంబీ నుంచి 24 ఎంబీకి పెంచారు. వంటగదిలో పోపుడబ్బా చేతికందేంత దూరంలో ఉంటే మాటిమాటికీ సామాన్ల గదికి పరిగెత్తక్కర్లేదు. అలాగే, కావలసిన డేటా క్యాష్‌లో దొరికితే చిప్ మెమరీ దాకా వెళ్లదు. 1080పీలో ఈ ఏర్పాటు బాగా పనిచేస్తుంది. రిజల్యూషన్ పెరిగేకొద్దీ ఒక్కో ఫ్రేమ్‌కు తాకాల్సిన డేటా పెరుగుతుంది, క్యాష్‌లో దొరికే వాటా తగ్గుతుంది. అందుకే 1440పీ, 4కే వైపు వెళ్లినకొద్దీ 4060 ఆధిక్యం కరిగిపోతూ వస్తుంది.

ఒక్క మాట మాత్రం మర్చిపోవద్దు. క్యాష్ బ్యాండ్‌విడ్త్ లోటును తీరుస్తుంది, మెమరీ లోటును తీర్చదు. పోపుడబ్బా ఎంత పెద్దదైనా సామాన్ల గది పెద్దది కాదు.

8 జీబీ నిజంగా సరిపోదా, లేక ఊరికే భయపెడుతున్నారా?

ఆడే గేమును బట్టి, పెట్టే సెట్టింగ్స్‌ను బట్టి ఉంటుంది. పోటీ గేములు, కొన్నేళ్ల కిందటి గేములు మాత్రమే ఆడేవాళ్లకు 8 జీబీ హాయిగా సరిపోతుంది. దీని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

చిక్కు వచ్చేది కొత్త పెద్ద గేముల్లో, టెక్స్చర్లు (వస్తువుల మీద అతికించే బొమ్మలు) అల్ట్రాలో పెట్టినప్పుడు. మెమరీని తినేది రిజల్యూషన్ అని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూడండి. 1080పీ తెర అంటే 1920 × 1080 పిక్సెల్స్, పిక్సెల్‌కు 4 బైట్లు అనుకుంటే ఒక ఫ్రేమ్ సుమారు 8 ఎంబీ. 4కేలో అదే 33 ఎంబీ. గేము లోపల ఇలాంటి బఫర్లు చాలా వాడుతుంది కాబట్టి మొత్తం కొన్ని వందల ఎంబీ కావచ్చు, అంతకంటే పైకీ వెళ్లవచ్చు. కానీ అసలు తిండిపోతు అది కాదు, టెక్స్చర్లు. 4096 × 4096 కొలత ఉన్న ఒక టెక్స్చర్‌ను పిక్సెల్‌కు ఒక బైటు చొప్పున కంప్రెస్ చేసినా 16 ఎంబీ. దూరం నుంచి చూసేటప్పుడు వాడే చిన్న నకళ్లు కూడా కలిపితే 21 ఎంబీ దాటుతుంది. అది ఒక్క పొరే. ఒక గోడ నిజం గోడలా కనిపించాలంటే రంగుకు ఒకటి, గరుకుదనానికి ఒకటి, ఎత్తుపల్లాలకు ఒకటి కావాలి. ఒక్క గోడకే 60 ఎంబీ అయిపోయింది. ఇక నేల, మనుషుల ముఖాలు, బట్టలు, చెట్లు అన్నీ వేసుకోండి.

2023 మార్చిలో ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 గేము పీసీకి వచ్చినప్పుడు 8 జీబీ కార్డులు 1080పీలోనే ఇబ్బంది పడ్డాయి. ఆ తర్వాత వచ్చిన ప్యాచ్‌లతో పరిస్థితి మెరుగైంది. ‘చూశారా, తప్పు గేముదే’ అనేవాళ్లు అందులో సగమే చెబుతున్నారు. గేము సర్దుకునేదాకా నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది 8 జీబీ కార్డు ఉన్నవాళ్లే కదా.

టెక్స్చర్ సెట్టింగ్‌లో ఇంకో గుణం ఉంది. మెమరీ సరిపోయినంతవరకూ దాన్ని పెంచితే ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) పెద్దగా పడిపోదు. అంటే 12 జీబీ ఉన్నవాడికి అందమైన టెక్స్చర్లు దాదాపు ఉచితం. 8 జీబీ ఉన్నవాడు హై లేదా మీడియంకి దిగాలి. దిగితే 4060 మళ్లీ ముందుంటుంది. ఎంచుకోవలసింది ఈ రెండింటి మధ్యే.

మెమరీ నిండిపోతే ఏమవుతుంది? గేము ఆగిపోతుందా?

చాలావరకు ఆగిపోదు. పట్టని డేటా కంప్యూటర్ ర్యామ్‌లోకి వెళుతుంది, కావలసినప్పుడల్లా పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో రావాలి. 4060కి ఉన్నవి 8 లేన్లు. 4.0 మదర్‌బోర్డు మీద ఆ దారి వేగం సెకనుకు సుమారు 16 జీబీ. కార్డు సొంత మెమరీ వేగం 272 జీబీ. పదిహేడు రెట్ల తేడా. మీ మదర్‌బోర్డు పాతది, 3.0 మాత్రమే ఉన్నది అయితే ఆ 16 కాస్తా 8 అవుతుంది.

3060కి 16 లేన్లు ఉన్నాయి కాబట్టి 3.0 బోర్డు మీద కూడా సుమారు 16 జీబీ వేగం దక్కుతుంది. పైగా 12 జీబీ ఉంది కనుక ఆ దారిని తొక్కాల్సిన అవసరమే తక్కువ. పాత పీసీలో కార్డు మార్చుకునేవాళ్లు ఈ విషయం తప్పకుండా చూసుకోవాలి. విచిత్రమేమిటంటే 4060 లాంటి పొదుపైన కార్డు ఎక్కువగా నచ్చేది పాత పీసీలు ఉన్నవాళ్లకే, లేన్ల కోత ఎక్కువగా తగిలేదీ వాళ్లకే.

కొన్ని గేములు ఇంకో పని చేస్తాయి. వేగం తగ్గనివ్వకుండా చెప్పాపెట్టకుండా టెక్స్చర్ల నాణ్యత తగ్గించేస్తాయి. మెనూలో ‘అల్ట్రా’ అనే ఉంటుంది, దగ్గరకు వెళ్లి చూస్తే గోడ మీది అక్షరాలు అలికినట్టు కనిపిస్తాయి. ఎఫ్‌పీఎస్ చార్టుల్లో ఇది ఎక్కడా పడదు. అందుకే రివ్యూల్లో చార్టులతో పాటు ఆడుతున్న వీడియో కూడా చూడండి.

సగటు ఎఫ్‌పీఎస్ తెలిస్తే చాలదా? ‘1 శాతం లో’ అంటే ఏమిటి?

ఒక సెకను తీసుకోండి. అందులో 59 ఫ్రేములు ఒక్కొక్కటి 15 మిల్లీసెకన్లలో వచ్చాయి, ఒకే ఒక్క ఫ్రేమ్ 115 మిల్లీసెకన్లు పట్టింది. 59 × 15 అంటే 885, దానికి 115 కలిపితే సరిగ్గా 1000. సగటు 60 ఎఫ్‌పీఎస్. చార్టులో చక్కగా ఉంటుంది. కానీ ఆడేవాడికి ఆ సెకనులో కన్ను చెదిరేంత కుదుపు తగిలింది. ప్రతి సెకనూ ఇదే జరిగితే ఆ గేము ఎవరూ ఆడలేరు.

అత్యంత నెమ్మదిగా వచ్చిన ఒక్క శాతం ఫ్రేముల ఆధారంగా చెప్పే వేగమే ‘1 శాతం లో’. మెమరీ చాలని కార్డులో సగటు బాగానే కనిపిస్తూ ఈ అంకె మాత్రం దారుణంగా పడిపోతుంది. రెండు కార్డులను పోల్చేటప్పుడు నేను ముందు చూసేది దీన్నే, సగటు తర్వాత. సొంతంగా చూసుకోవాలంటే ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో ఫ్రేమ్‌టైమ్ గ్రాఫ్ పెట్టుకోండి. గీత చదునుగా సాగుతుంటే బాగున్నట్టు. ముళ్లు లేచినట్టు మధ్యమధ్యలో పైకి ఎగురుతుంటే, ఎఫ్‌పీఎస్ అంకె ఎంత ఉన్నా లాభం లేదు.

4060లో ఫ్రేమ్ జనరేషన్ ఉంది కదా, దాంతో ఎఫ్‌పీఎస్ చాలా పెరుగుతుందంటారు?

అంకె పెరుగుతుంది, అది నిజమే. గేము తయారుచేసిన రెండు ఫ్రేముల మధ్య కార్డు తనే ఒకటి ఊహించి గీస్తుంది. చూడటానికి కదలిక నునుపుగా ఉంటుంది. కానీ ఆ మధ్య ఫ్రేమ్ గీయాలంటే తర్వాతి ఫ్రేమ్ వచ్చేదాకా ఆగాలి, అందువల్ల మౌస్ కదిలించినప్పటినుంచి తెర మారేదాకా పట్టే సమయం కొద్దిగా పెరుగుతుంది. 60 ఉన్నదాన్ని 100 చేసుకుంటే బాగుంటుంది. 30 ఉన్నదాన్ని 55 చేసుకుంటే తెర మీద 55 కనిపిస్తుంది, చేతికి మాత్రం 30 లాగే బరువుగా ఉంటుంది.

ఇంకో సంగతి, ఫ్రేమ్ జనరేషన్‌కు అదనంగా మెమరీ కావాలి. 8 జీబీ అప్పటికే అంచుల దాకా నిండి ఉంటే, ఆన్ చేశాక కుదుపులు మొదలవుతాయి. అది బాగా అవసరమయ్యే బరువైన గేముల్లోనే ఇది జరుగుతుంది.

3060 ఉన్నవాళ్లు పూర్తిగా వెనకబడిపోలేదు. డీఎల్ఎస్ఎస్ అప్‌స్కేలింగ్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి ఏఐతో పెద్దది చేసే ఎన్‌విడియా పద్ధతి) వాళ్లకూ ఉంది. 2025 జనవరిలో డీఎల్ఎస్ఎస్ 4తో పాటు వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ మోడల్ కూడా ఆర్‌టీఎక్స్ కార్డులన్నిటికీ ఇచ్చారు. డీఎల్ఎస్ఎస్ ఫ్రేమ్ జనరేషన్ మాత్రం 40 సిరీస్ నుంచే. దానికి బదులు ఏఎమ్‌డీ వారి ఎఫ్ఎస్ఆర్ 3 ఫ్రేమ్ జనరేషన్ ఉన్న గేముల్లో 3060 దాన్ని వాడుకోగలదు.

రే ట్రేసింగ్‌లో ఏది మేలు?

4060. వెలుతురు కిరణాల దారిని లెక్కగట్టి బొమ్మ గీసే ఈ పనికి విడిగా ఉండే ఆర్‌టీ కోర్లు దానిలో 24 మాత్రమే, 3060లో 28 ఉన్నాయి, అయినా అవి ఒక తరం కొత్తవి. కాకపోతే రే ట్రేసింగ్ పూర్తిగా పెట్టి ఆడటానికి ఈ రెండూ చిన్న కార్డులే. నీడలకో, ప్రతిబింబాలకో పరిమితం చేసుకుంటే సరి.

నేను గేములు ఆడను. బ్లెండర్, వీడియో ఎడిటింగ్ చేస్తాను. నా సంగతి?

ఇక్కడ జవాబు తిరగబడుతుంది. త్రీడీ ప్రోగ్రామ్ బ్లెండర్‌లో సీనును చివరి బొమ్మగా మార్చేది సైకిల్స్ రెండరర్, దానిలో సీను మెమరీలో పట్టినంతవరకూ 4060 వేగం మంచిదే. పట్టకపోతే రెండర్ కొన్నిసార్లు కంప్యూటర్ ర్యామ్‌ను వాడుకుని నత్తనడక నడుస్తుంది, మరికొన్నిసార్లు మెమరీ చాలలేదని ఆగిపోతుంది. ఆగిపోయిన రెండర్ ఎంత వేగంగా నడిచేదో లెక్కేసుకుని ఏం లాభం?

ఇందాక టెక్స్చర్ లెక్క వేశాం కదా. గేములో కంప్రెస్ చేసిన 16 ఎంబీ టెక్స్చర్‌ను సైకిల్స్ విప్పి పెట్టుకుంటుంది, పిక్సెల్‌కు 4 బైట్లు. అదే 64 ఎంబీ అవుతుంది. అలాంటివి వంద ఉంటే 6.4 జీబీ. ఇంకా ఆకులు, గడ్డి, వెలుతురు లెక్కలకు కావలసిన నిర్మాణాలు, విండోస్ తన తెర కోసం వాడుకునేది కలపాలి. నేను ఒక తోట సీను చేసినప్పుడు 8 జీబీ కార్డు మీద టెక్స్చర్లన్నీ సగం కొలతకు కుదించుకుంటూ ఒక రాత్రంతా కూర్చున్నాను. మర్నాడు అదే ఫైలును 12 జీబీ కార్డున్న పీసీలో తెరిచి, ఏమీ ముట్టుకోకుండా రెండర్ నొక్కితే సాగిపోయింది. ఆ రోజునుంచి త్రీడీ పని చేసేవాళ్లు అడిగితే మెమరీ వైపే మొగ్గుతున్నాను.

వీడియో ఎడిటింగ్‌లో 4060కి ఒక గట్టి పాయింటు ఉంది. అది ఏవీ1 ఫార్మాట్‌లో ఎన్‌కోడ్ చేయగలదు. 3060 ఏవీ1 వీడియోను చూపించగలదు కానీ తయారుచేయలేదు. లైవ్ స్ట్రీమింగ్ చేసేవాళ్లకు, వీడియోలు అప్‌లోడ్ చేసేవాళ్లకు ఇది రోజూ పనికొచ్చే విషయం.

ఏఐ మోడల్స్ ఇంట్లోనే నడుపుకోవాలనుకుంటున్నాను.

3060 తీసుకోండి, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. భాషా మోడల్‌లో 700 కోట్ల పారామీటర్లు ఉంటే 16 బిట్లలో దానికి 14 జీబీ కావాలి, ఏ కార్డులోనూ పట్టదు. 4 బిట్లకు కుదిస్తే 3.5 జీబీ, రెండింట్లోనూ పడుతుంది. 1300 కోట్ల మోడల్ 4 బిట్లలో 6.5 జీబీ, దాని మీద సంభాషణ గుర్తుపెట్టుకోవడానికి ఇంకొంత కావాలి. 8 జీబీ కార్డులో ఇది ఊపిరాడని పరిస్థితి, 12 జీబీలో తీరుబడిగా పడుతుంది.

పట్టడం ఒక్కటే కాదు. ఇలాంటి మోడల్ ఒక్కో టోకెన్ (మాట లేదా మాట ముక్క) రాయడానికి దాదాపు మోడల్ మొత్తాన్నీ మెమరీలోంచి ఒకసారి చదవాలి. మోడల్ 4 జీబీ అనుకుంటే, 360ని 4తో భాగిస్తే సెకనుకు 90 టోకెన్లు. 272ను 4తో భాగిస్తే 68. ఇవి కాగితం మీది పైహద్దులు, నిజంగా వచ్చేవి ఇంతకంటే తక్కువే. కానీ మొగ్గు ఎటువైపో తెలిసిపోతోంది. గేముల్లో ఓడిపోయిన పాత కార్డు ఇక్కడ గెలుస్తుంది, ఎందుకంటే ఈ పనిలో అడ్డుపడేది లెక్కల వేగం కాదు, మెమరీ వేగం. బొమ్మలు గీసే మోడల్స్ అలా కాదు, వాటికి లెక్కల వేగం ముఖ్యం. మెమరీలో పట్టినంతవరకూ 4060 వాటిలో ముందుంటుంది.

కరెంటు ఎంత మిగులుతుంది? పవర్ సప్లై మార్చాలా?

పూర్తి లోడ్ మీద తేడా 55 వాట్లు. రోజుకు నాలుగు గంటలు ఆడితే ఏడాదికి సుమారు 80 యూనిట్లు. బిల్లు సంగతి అలా ఉంచితే, గదిలోకి వచ్చే వేడి, ఫ్యాన్ల శబ్దం తగ్గుతాయి. చిన్న కేసు వాడేవాళ్లకు ఇది పెద్ద సుఖం. రెండింటికీ ఎన్‌విడియా సూచించేది 550 వాట్ల పవర్ సప్లైనే. పేరులేని నాసిరకం సప్లై మీద మాత్రం ఏ కార్డూ పెట్టవద్దు.

నా ప్రాసెసర్ పాతది. కార్డు మారిస్తే ఉపయోగం ఉంటుందా?

కొనకముందే చూసుకోవచ్చు. ఇప్పుడున్న కార్డుతోనే మీ గేములో రిజల్యూషన్, సెట్టింగ్స్ కిందికి దించండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే అడ్డం కార్డే, మార్చండి. ఏ మార్పూ లేకపోతే ప్రాసెసర్ అడ్డం పడుతోంది, కొత్త కార్డు వచ్చినా అక్కడే ఆగుతుంది.

3060 అని తక్కువకు దొరుకుతోంది, పెట్టె మీద 8 జీబీ అని ఉంది. తీసుకోవచ్చా?

వద్దు. 2022 చివర్లో వచ్చిన రకం అది. మెమరీతో పాటు బస్ కూడా 128 బిట్లకు తగ్గింది, బ్యాండ్‌విడ్త్ 240 జీబీకి పడింది, కానీ పేరు మాత్రం మార్చలేదు. 4060కి ఉన్న పెద్ద క్యాష్ దీనికి లేదు. 12 జీబీ 3060 మెమరీ గురించి నేను చెప్పిన మంచి ఏదీ దీనికి వర్తించదు.

పేరు ఒకటే, లోపల వేరు అనే ఈ పద్ధతి మీద నాకు నిజంగా కోపం. జీటీఎక్స్ 1060లో 6 జీబీ రకానికి 1280 కోర్లు ఉంటే 3 జీబీ రకానికి 1152 ఇచ్చారు. జీటీ 1030లో అయితే జీడీడీఆర్5 బదులు డీడీఆర్4 పెట్టి, 48 జీబీ ఉన్న బ్యాండ్‌విడ్త్‌ను 17 జీబీ లోపుకి దించేశారు. పేరు చూసి, రివ్యూ చదివి, డబ్బులు కట్టినవాడికి ఇంకో కార్డు ఇంటికి వచ్చినట్టే. 2022 సెప్టెంబర్‌లో 4080 పేరుతో రెండు వేర్వేరు చిప్‌ల కార్డులు ప్రకటించినప్పుడు జనం గట్టిగా నిలదీశారు, అక్టోబర్‌లో ఎన్‌విడియా 12 జీబీ రకాన్ని విడుదలకు ముందే వెనక్కు తీసుకుంది. అడిగితే ఫలితం ఉంటుందన్నమాట. పెట్టె మీద పేరు పక్కన మెమరీ ఎంతో, బస్ ఎంతో చూడకుండా ఏదీ కొనకండి.

ల్యాప్‌టాప్‌లో కూడా ఇదే పోలికా?

కాదు. ల్యాప్‌టాప్ 3060కి మెమరీ 6 జీబీయే, కోర్లు 3840. ల్యాప్‌టాప్ 4060కి 8 జీబీ, 3072 కోర్లు. అక్కడ మెమరీలోనూ కొత్తదే పైన కాబట్టి 4060 తీసుకోండి. కాకపోతే తయారీదారు ఆ చిప్‌కు ఎన్ని వాట్లు ఇచ్చాడో అడగండి. 4060 ల్యాప్‌టాప్ చిప్‌కు 35 నుంచి 115 వాట్ల దాకా పరిధి ఉంది. ఆ రెండు కొసల మధ్య వేగంలో చాలా తేడా వస్తుంది.

సెకండ్‌హ్యాండ్ 3060 కొనవచ్చా? మైనింగ్‌లో వాడి ఉంటారేమో?

వాడి ఉండవచ్చు. 3060 వచ్చిన కాలమే క్రిప్టో మైనింగ్ జోరుగా ఉన్న కాలం. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ తన పద్ధతి మార్చుకున్నాక గ్రాఫిక్స్ కార్డులతో ఆ మైనింగ్ ఆగిపోయింది, కార్డులు గుంపులుగా అమ్మకానికి వచ్చాయి. మైనింగ్ చేసినంత మాత్రాన చిప్ పాడైపోదు. ముందు అరిగేవి ఫ్యాన్లు, ఎండిపోయేది థర్మల్ పేస్ట్. అరగంట గేము నడిపించి ఫ్యాన్ గరగరమంటోందా, ఉష్ణోగ్రత ఎక్కడ ఆగుతోంది చూడండి.

ఇంతకంటే నాకు భయం నకిలీల గురించి. పాత చిప్‌కు బయాస్ (కార్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) మార్చి కొత్త పేరు చూపించేలా చేసిన కార్డులు తిరుగుతుంటాయి. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిచి 3584 షేడర్లు (అంటే కోర్లు), 192 బిట్, 12 జీబీ ఉన్నాయో లేదో అమ్మేవాడి ఎదురుగానే చూడండి. ఆ తర్వాత ఒక బరువైన గేము నడిపించి, అందులో వచ్చే ఎఫ్‌పీఎస్‌ను ఏదైనా రివ్యూతో సరిచూసుకోండి. జీపీయూ-జెడ్‌ను కొన్నిసార్లు మోసం చేయగలరు కానీ ఎఫ్‌పీఎస్‌ను ఎవరూ కల్పించలేరు.

5060 వచ్చేసింది కదా, ఇంకా వీటి గురించి ఆలోచించాలా?

2025 మేలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5060లో 3840 కోర్లు, జీడీడీఆర్7 మెమరీ, సెకనుకు 448 జీబీ బ్యాండ్‌విడ్త్. 4060కి ఉన్న బ్యాండ్‌విడ్త్ లోటు తీరిపోయింది. మెమరీ మాత్రం మళ్లీ 8 జీబీయే. 145 వాట్లు తీసుకుంటుంది. కొత్తగా గేముల కోసమే కొనేవాళ్లు, ధరలు దగ్గరగా ఉంటే 4060 బదులు దీన్నే చూడటం మంచిది. 12 జీబీ కావాలనుకునేవాళ్లకు 2024 డిసెంబర్‌లో ఇంటెల్ తెచ్చిన ఆర్క్ బీ580 ఉంది. బ్లెండర్, ఏఐ పనుల్లో ఎక్కువ సాఫ్ట్‌వేర్ ఎన్‌విడియా వారి CUDA మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి ఆ పనుల వాళ్లకు నేను ఇప్పటికీ 3060నే చెబుతాను.

నా దగ్గర ఇప్పటికే 3060 ఉంది. 4060కి మారాలా?

అక్కర్లేదు. 20 శాతం వేగం కోసం నాలుగు జీబీలు వదులుకోవద్దు. ఇంకో తరం ఆగండి.

కార్డు కొన్నాను, పెట్టాను, పాతదానికీ దీనికీ తేడా ఏమీ కనపడటం లేదు!

కంగారు పడకండి, ముందు కేబుల్ చూడండి. మానిటర్ కేబుల్ పాత అలవాటుతో మదర్‌బోర్డుకే పెట్టి ఉంటారు. పీసీ వెనకవైపు నిలువుగా ఉండే పోర్టులు మదర్‌బోర్డువి, కింద అడ్డంగా ఉండేవి కార్డువి. కేబుల్ కార్డుకు ఉండాలి. తర్వాత విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేటు చూడండి. 144 హెర్ట్జ్ మానిటర్ కొని నెలల తరబడి 60 మీదే నడిపినవాళ్లను నేను చూశాను. ఆ తర్వాత మదర్‌బోర్డు బయాస్‌లోకి వెళ్లి రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకునే వీలు) ఆన్ చేయండి, రెండు కార్డులూ దాన్ని వాడుకుంటాయి. ఇవన్నీ అయ్యాక కూడా మార్పు లేకపోతే పైన చెప్పిన ప్రాసెసర్ పరీక్ష చేయండి.